ఒక స్ట్రింగ్, అనేక పంక్తులు

విద్యార్థులారా! కంప్యూటర్ ప్రోగ్రాములో మనం రాసే పాఠ్యాన్ని, అంటే అక్షరాల వరుసను, స్ట్రింగ్ అంటారని మీకు తెలుసు. రెండు జంట కొటేషన్ గుర్తుల మధ్య "నమస్కారం" అని రాస్తే అది ఒక స్ట్రింగ్. ఒక్క పంక్తి ఉన్నంతవరకు ఇబ్బంది ఏమీ లేదు. కాని మనకు కావలసిన పాఠ్యం చాలాసార్లు ఒక్క పంక్తిలో ఇమడదు. నోటీసు, ఉత్తరం, రసీదు, డేటాబేస్‌కు పంపే ప్రశ్న, ప్రోగ్రాము వాడేవారికి చూపే సూచనలు, ఇవన్నీ అనేక పంక్తుల్లోనే ఉంటాయి. వాటిని ప్రోగ్రాములో ఎలా రాయాలి? ఈ పాఠంలో హాస్కెల్ భాషను ఉదాహరణగా తీసుకుని దీనిని పరిశీలిద్దాం.

చిన్న విషయంలా కనిపిస్తుంది కదా! అయితే ఒక్క క్షణం ఆలోచించండి. ప్రోగ్రాము అందంగా కనబడాలని పంక్తి మొదట్లో మీరు నాలుగు ఖాళీలు వదిలారు. ఆ నాలుగు ఖాళీలు పాఠ్యంలో భాగమా, లేక ప్రోగ్రాము కోసం వదిలినవా? పంక్తి చివర మీరు ఎంటర్ మీట నొక్కారు. పాఠ్యంలో కొత్త పంక్తి మొదలు కావాలనా, లేక తెర మీద చోటు చాలకనా? మనిషి చూసి ఊహించగలడు. కంపైలర్ ఊహించకూడదు. దానికి ఒక కచ్చితమైన నియమం కావాలి. ఈ పాఠంలో మనం చూసే పద్ధతులన్నీ "ఈ ఖాళీ ఎవరిది?" అనే ప్రశ్నకు వేర్వేరు జవాబులే.

హాస్కెల్ ఒక ఫంక్షనల్ భాష. ఇందులో ప్రోగ్రామును ఆజ్ఞల వరుసగా కాక, విలువలను తీసుకుని విలువలను తిరిగి ఇచ్చే ఫంక్షన్ల కూర్పుగా రాస్తాం. 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఈ భాషకు బీజం పడింది. భాషా నిర్వచనం మొదటిసారి 1990లో వెలువడింది. తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ (1900–1982) జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు. ఈ భాషలో పంక్తి ఎంత లోపలికి జరిగి మొదలైంది అన్నదానికి కూడా అర్థం ఉంటుంది. ఒకే నిలువు వరుసలో మొదలైన పంక్తులు ఒక సమూహానికి చెందుతాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ లాండిన్ 1966లో ప్రచురించిన ఒక వ్యాసంలో ప్రతిపాదించిన నియమం దీనికి మూలం. కనుక హాస్కెల్ రాసేవారు ఖాళీలను ఎంతో క్రమబద్ధంగా పాటిస్తారు. సరిగ్గా అందువల్లనే ఆ ఖాళీలు స్ట్రింగ్‌లోకి చొరబడతాయన్న భయం ఇక్కడ ఎక్కువ.

ముందుకు వెళ్లేముందు ఒక మాట. ఈ పాఠంలో ఫంక్షన్ల పేర్లను కూడా తెలుగు లిపిలోనే ముద్రించాం. కంప్యూటర్ మీద ప్రయత్నించేటప్పుడు అన్‌లైన్స్, మ్యాప్ వంటి పేర్లను ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి. అలాగే ఇక్కడ "\ఎన్" అని కనబడిన చోట బ్యాక్‌స్లాష్, దాని వెంటనే చిన్నబడి ఎన్ అక్షరం ఉన్నాయని గ్రహించండి. ఆ రెండు గుర్తులు కలిసి "ఇక్కడ కొత్త పంక్తి" అనే ఒకే అక్షరాన్ని సూచిస్తాయి.

మన ఉదాహరణ ఒక గ్రంథాలయ నోటీసు. ముద్రణలో అది ఇలా రావాలి:

గ్రంథాలయ సూచన
  1. పుస్తకాన్ని 14 రోజుల్లో తిరిగి ఇవ్వాలి.
  2. చదువుకునే గదిలో నిశ్శబ్దం పాటించాలి.

శీర్షిక అంచు నుంచి మొదలవుతోంది. నియమాలు రెండు ఖాళీలు లోపలికి ఉన్నాయి. ఆ రెండు ఖాళీలు పాఠ్యానివి, అవి పోకూడదు.

కొటేషన్ గుర్తు పెట్టి, ఈ మూడు పంక్తులనూ ఉన్నవి ఉన్నట్లు రాసి, చివర మరో కొటేషన్ గుర్తు పెడితే హాస్కెల్ కంపైలర్ అంగీకరించదు. స్ట్రింగ్ మొదలైన పంక్తిలోనే ముగియాలని దాని నియమం. ఇది మొండితనం అనిపించవచ్చు కాని కారణం లేకపోలేదు. మీరు పొరపాటున ముగింపు గుర్తు పెట్టడం మరచిపోయారనుకోండి. పంక్తి దాటనిచ్చే భాషలో, తర్వాత ఎక్కడో కనబడే కొటేషన్ గుర్తు వరకు ఉన్న ప్రోగ్రాము అంతా స్ట్రింగ్‌గా మారిపోతుంది. తప్పు ఒకచోట ఉంటే, కంపైలర్ ఫిర్యాదు ఇరవై పంక్తుల కింద వస్తుంది. హాస్కెల్‌లో తప్పు చేసిన పంక్తిలోనే దొరికిపోతుంది.

మరి దారి? 1999లో వెలువడిన భాషా నిర్వచనమైన హాస్కెల్ 98లోనే ఒక సదుపాయం ఉంది. దానిని స్ట్రింగ్ గ్యాప్ అంటారు. పంక్తి చివర ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి, తర్వాతి పంక్తిలో మరో బ్యాక్‌స్లాష్‌తో మొదలుపెట్టాలి. ఈ రెండింటి మధ్య ఉన్న పంక్తి విరుపును, ఖాళీలను కంపైలర్ పూర్తిగా విస్మరిస్తుంది.

సూచన = "గ్రంథాలయ సూచన\ఎన్\
       \  1. పుస్తకాన్ని 14 రోజుల్లో తిరిగి ఇవ్వాలి.\ఎన్\
       \  2. చదువుకునే గదిలో నిశ్శబ్దం పాటించాలి.\ఎన్"

రెండో పంక్తిని జాగ్రత్తగా చూడండి. బ్యాక్‌స్లాష్‌కు ముందున్న ఖాళీలు ప్రోగ్రామువి; అవి లెక్కలోకి రావు. బ్యాక్‌స్లాష్ తర్వాతి రెండు ఖాళీలు పాఠ్యానివి, అవి నిలుస్తాయి. సరిహద్దు రాయి పాతినట్లుగా స్పష్టంగా ఉంది. అందచందాల సంగతి పక్కన పెడితే, నా దృష్టిలో ఈ పద్ధతికున్న గొప్ప గుణం ఇదే.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. గ్యాప్ కొత్త పంక్తిని చేర్చదు, ఒక్క ఖాళీని కూడా చేర్చదు. కొత్త పంక్తి కావాలంటే "\ఎన్" మీరే రాయాలి. ఖాళీ కావాలంటే అదీ మీరే వదలాలి. డేటాబేస్‌కు పంపే ప్రశ్నను ఇలా విరిచారనుకోండి:

"సెలెక్ట్ పేరు\
\ఫ్రమ్ విద్యార్థులు"

కంపైలర్‌కు ఇందులో తప్పేమీ కనబడదు. కాని తయారయ్యే స్ట్రింగ్ "సెలెక్ట్ పేరుఫ్రమ్ విద్యార్థులు". రెండు పదాలు అతుక్కుపోయాయి. తెలుగు వ్యాకరణంలో రెండు పదాలు కలిస్తే సంధి అయినా జరుగుతుంది. ఇక్కడ ఉత్త అతుకే! డేటాబేస్ ఆ ప్రశ్నను తిరస్కరిస్తుంది, అదీ ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు. రకాలను అంత కట్టుదిట్టంగా సరిచూసే హాస్కెల్ కూడా ఇక్కడ మనల్ని కాపాడలేదు. ఎందుకంటే ఒక ఖాళీ ఉన్నా లేకపోయినా దాని రకం స్ట్రింగే. మరో చిన్న హెచ్చరిక: సీ భాష ప్రీప్రాసెసర్‌ను కూడా వాడే హాస్కెల్ ఫైళ్లలో ఈ గ్యాప్‌లు సరిగా పనిచేయకపోవచ్చు. పంక్తి చివరి బ్యాక్‌స్లాష్‌కు ఆ ప్రీప్రాసెసర్ వేరే అర్థం చెప్పుకుంటుంది.

ఇప్పుడు ఫంక్షనల్ భాషకు సహజమైన పద్ధతికి వద్దాం. అనేక పంక్తుల పాఠ్యం అంటే ఏమిటి? పంక్తుల జాబితా. జాబితాలను కలపడం, మార్చడం హాస్కెల్‌కు వెన్నతో పెట్టిన విద్య. కనుక పంక్తులను జాబితాగా రాసి, అన్‌లైన్స్ అనే ఫంక్షన్‌కు ఇస్తే సరిపోతుంది.

సూచన = అన్‌లైన్స్
  [ "గ్రంథాలయ సూచన"
  , "  1. పుస్తకాన్ని 14 రోజుల్లో తిరిగి ఇవ్వాలి."
  , "  2. చదువుకునే గదిలో నిశ్శబ్దం పాటించాలి."
  ]

ఖాళీ ఎవరిదన్న సందేహానికి ఇక్కడ తావే లేదు. కొటేషన్ గుర్తుల లోపల ఉన్నది పాఠ్యానిది, బయట ఉన్నది ప్రోగ్రాముది. అన్‌లైన్స్ ప్రతి పంక్తి తర్వాత ఒక కొత్త పంక్తి గుర్తును చేరుస్తుంది. చివరి పంక్తి తర్వాత కూడా చేరుస్తుందని గుర్తుంచుకోండి. స్ట్రింగ్‌ను ముద్రించి ఆపైన కొత్త పంక్తిని కూడా వేసే ఫంక్షన్‌తో దీనిని ముద్రిస్తే, కింద ఒక ఖాళీ పంక్తి అదనంగా వస్తుంది. చివరి గుర్తు వద్దనుకుంటే ఇంటర్‌కలేట్ అనే ఫంక్షన్ ఉంది. అది పంక్తుల మధ్యలో మాత్రమే గుర్తును ఉంచుతుంది. పూలదండలో పూల మధ్య ఆకు కట్టడానికి, ప్రతి పువ్వు తర్వాత ఆకు కట్టడానికి ఉన్న తేడా అన్నమాట.

అన్‌లైన్స్‌కు ఎదురుగా పనిచేసే ఫంక్షన్ లైన్స్. అది స్ట్రింగ్‌ను పంక్తుల జాబితాగా విడదీస్తుంది. ఈ రెండూ చేతిలో ఉంటే ఏం చేయవచ్చో చూడండి. ఏ పాఠ్యాన్నయినా రెండు ఖాళీలు లోపలికి జరపాలంటే:

జరుపు = అన్‌లైన్స్ . మ్యాప్ ("  " ++) . లైన్స్

కుడి నుంచి ఎడమకు చదవండి. పాఠ్యాన్ని పంక్తులుగా విడదీయి, ప్రతి పంక్తి ముందు రెండు ఖాళీలు అతికించు, మళ్లీ కలుపు. లూపు లేదు, లెక్కపెట్టే చలరాశి లేదు. నియమాలు రెండు కాక ఇరవై ఉంటే, వాటి ముందు 1, 2, 3 అని సంఖ్యలు వేసే పనిని కూడా జిప్‌విత్ అనే ఫంక్షన్‌కు అప్పగించవచ్చు. మధ్యలో ఒక నియమాన్ని తీసేస్తే సంఖ్యలు వాటంతట అవే సర్దుకుంటాయి. పాఠ్యం నియమాలను బట్టి మారవలసిన చోట నేను సూచించేది ఈ పద్ధతినే.

మారని పాఠ్యం మాటేమిటి? ఒక పేజీ నిడివి గల ఉత్తరాన్ని ఒక్కో పంక్తికి కొటేషన్ గుర్తులు, కామాలు పెట్టి రాయడం విసుగు పుట్టించే పనే. ఇతర భాషలవారు దీనికి వేర్వేరు దారులు వెతుక్కున్నారు. ఫంక్షనల్ కుటుంబానికే చెందిన ఓకామల్ భాషలో మామూలు స్ట్రింగే పంక్తి దాటవచ్చు. 2014లో వచ్చిన 4.02 సంచిక నుంచి మీసాల బ్రాకెట్, నిలువు గీతలతో పాఠ్యాన్ని ఉన్నది ఉన్నట్లు రాసే వీలు కూడా ఉంది. హాస్కెల్‌లో ఇలాంటి అవసరాన్ని చాలాకాలం క్వాసీకోట్ అనే విస్తరణ తీర్చింది. జెఫ్రీ మెయిన్‌లాండ్ 2007లో ప్రతిపాదించిన ఈ విస్తరణ, ప్రధాన హాస్కెల్ కంపైలర్ అయిన జీహెచ్‌సీలో 6.10 సంచికతో 2008లో చేరింది. చతురస్ర బ్రాకెట్, నిలువు గీతల మధ్య రాసిన పాఠ్యాన్ని కంపైల్ చేసే సమయంలోనే ఒక ఫంక్షన్ చేతికి ఇస్తారు. ఆ ఫంక్షన్ దానిని స్ట్రింగ్‌గా మార్చి ఇస్తుంది. బ్యాక్‌స్లాష్ కూడా బ్యాక్‌స్లాష్‌గానే మిగలాలనుకునే చోట ఇది ఎంతో అనుకూలం. కాని పాఠ్యాన్ని ఉన్నదున్నట్లు తీసుకునే రకంలో, పంక్తి మొదటి ఖాళీలన్నీ స్ట్రింగ్‌లోకి వచ్చేస్తాయి. వద్దనుకుంటే పాఠ్యాన్ని అంచుకు జరపాలి. అప్పుడు ప్రోగ్రాము రూపం చెడుతుంది.

భాషలోనే సూటిగా ఒక సదుపాయం రావడానికి 2024 డిసెంబరు వరకు ఆగవలసి వచ్చింది. అప్పుడు వెలువడిన జీహెచ్‌సీ 9.12లో మల్టీలైన్ స్ట్రింగ్స్ అనే విస్తరణ ఉంది. ఫైలు మొదట్లో దానిని కోరుకుంటే, మూడేసి కొటేషన్ గుర్తుల మధ్య ఇలా రాయవచ్చు:

సూచన =
    """
    గ్రంథాలయ సూచన
      1. పుస్తకాన్ని 14 రోజుల్లో తిరిగి ఇవ్వాలి.
      2. చదువుకునే గదిలో నిశ్శబ్దం పాటించాలి.
    """

ఇప్పుడు కంపైలర్ ఖాళీల తగువును ఎలా తీరుస్తుందో గమనించండి. అది పాఠ్యాన్ని పంక్తులుగా విడదీసి, అన్ని పంక్తులకూ ఉమ్మడిగా ఉన్న ఖాళీలు ఎన్నో చూస్తుంది. ఆరంభపు గుర్తుల పక్కనున్న భాగాన్ని, ఖాళీలు తప్ప మరేమీ లేని పంక్తులను ఈ లెక్కలోకి తీసుకోదు. మన ఉదాహరణలో శీర్షికకు 4, నియమాలకు 6 ఖాళీలు ఉన్నాయి. ఉమ్మడి భాగం 4. ఆ నాలుగూ ప్రోగ్రామువి కనుక తీసివేస్తుంది. నియమాలకు మిగిలిన రెండూ పాఠ్యానివి. ఆరంభపు గుర్తుల వెంటనే ఉన్న పంక్తి విరుపును, ముగింపు గుర్తులకు ముందున్న పంక్తి విరుపును కూడా తీసివేస్తుంది. కనుక అన్‌లైన్స్ ఇచ్చిన స్ట్రింగ్, ఇది ఇచ్చిన స్ట్రింగ్ ఒకటి కావు. దీనికి చివర కొత్త పంక్తి గుర్తు లేదు. కావాలంటే ముగింపు గుర్తుల ముందు ఒక ఖాళీ పంక్తి వదలాలి.

ఈ నియమానికి ఒక పర్యవసానం ఉంది. రెండో నియమాన్ని ఎవరో పొరపాటున ఎడమకు జరిపి 2 ఖాళీల దగ్గర మొదలుపెట్టారనుకోండి. ఉమ్మడి భాగం 4 నుంచి 2కు తగ్గుతుంది. అప్పుడు తాకని శీర్షిక కూడా రెండు ఖాళీలు లోపలికి జరిగిపోతుంది. ఒక పంక్తిలో చేసిన మార్పు మిగతా పంక్తులన్నిటినీ కదిలిస్తుంది! గ్యాప్‌లోగాని, జాబితాలోగాని ఇలా జరగదు. జావా భాషలో 2020 నాటి 15వ సంచిక నుంచి ప్రామాణికంగా ఉన్న టెక్స్ట్ బ్లాక్‌లలో ముగింపు గుర్తుల స్థానం కూడా లెక్కలోకి వస్తుంది, హాస్కెల్‌లో రాదు. రెండు భాషలూ చదివే విద్యార్థులు ఈ తేడాను గుర్తించాలి.

పాఠ్యమంతా రెండు ఖాళీలు లోపలికి ఉండాలంటే? ఉమ్మడి ఖాళీలన్నీ పోతాయి కదా! దీనికి హాస్కెల్‌లో ముందునుంచీ ఉన్న \& అనే గుర్తు పనికివస్తుంది. దాని విలువ శూన్యం. స్ట్రింగ్‌లో ఏమీ చేర్చదు. కాని అది ఖాళీ కాదు కనుక కంపైలర్ లెక్క అక్కడ ఆగుతుంది. మొదటి పంక్తిలో 4 ఖాళీల తర్వాత \& పెట్టి, ఆపైన రెండు ఖాళీలు వదిలితే ఆ రెండూ నిలుస్తాయి.

ఇక తెలుగులో రాసేవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. హాస్కెల్‌లో స్ట్రింగ్ అంటే యూనికోడ్ సంకేతాల జాబితా. "తెలుగు" అనే పదం మన కంటికి మూడు అక్షరాలు. హాస్కెల్‌ను దాని పొడవు అడిగితే 6 అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఇలా ఒక్కొక్కదాన్ని విడిగా లెక్కిస్తుంది. మన నోటీసు శీర్షిక కింద దాని పొడవుకు తగ్గ గీత వేయాలని, పొడవు ఎంతో అన్ని అడ్డగీతలు వేశారనుకోండి. "గ్రంథాలయ సూచన" పొడవు 13 అని వస్తుంది. కంటికి కనబడేవి 7 అక్షరాలు, ఒక ఖాళీ. గీతకు, శీర్షికకు పొంతన కుదరదు. తెలుగు పాఠ్యాన్ని నిలువు వరుసల్లో సర్దేటప్పుడు ఖాళీలను లెక్కించి పెట్టే పద్ధతి ఈ కారణం చేతనే విఫలమవుతుంది.

ఇంకొకటి. ప్రింట్ అనే ఫంక్షన్‌తో "తెలుగు"ను ముద్రించి చూడండి. తెర మీద ఇలా వస్తుంది:

"\3108\3142\3122\3137\3095\3137"

కంగారు పడనక్కర లేదు. పాఠ్యం చెడిపోలేదు. ప్రింట్ ఆ విలువను ప్రోగ్రాములో తిరిగి రాయదగిన రూపంలో చూపుతుంది. 3108 అంటే త, 3142 అంటే ఎత్వం. అందుకే పంక్తి విరుపులను కూడా విరవకుండా "\ఎన్" అనే చూపుతుంది. పాఠ్యాన్ని పాఠ్యంగా చూడాలంటే ప్రింట్ బదులు పుట్‌ఎస్‌టీఆర్ అనే ఫంక్షన్ వాడాలి. "త5"ను ప్రింట్‌తో ముద్రిస్తే "\3108\&5" అని వస్తుంది. ఇందాకటి శూన్య గుర్తు ఇక్కడ మళ్లీ కనబడింది చూశారా? అది లేకపోతే ఆ సంఖ్య 31085గా మారిపోయి ఉండేది.

పొడవైన పాఠ్యం విషయంలో మెమొరీ ఖర్చు కూడా చూసుకోవాలి. 64 బిట్ల యంత్రంలో ఈ జాబితాలోని ప్రతి కణానికి 24 బైట్లు కావాలి. ఆంగ్ల అక్షరాలను జీహెచ్‌సీ ఒక్కసారి దాచుకుని అందరికీ పంచుతుంది. తెలుగు సంకేతాలకు ఆ సౌకర్యం లేదు. ఒక్కోదానికి మరో 16 బైట్లు పడవచ్చు. అంటే 40 బైట్లు. నోటీసుకు ఇది లెక్కలోది కాదు. నవల మొత్తాన్ని చదివించే ప్రోగ్రాముకు మాత్రం టెక్స్ట్ అనే వేరే రకం వాడడం మంచిది. 2021లో వచ్చిన దాని 2.0 సంచిక నుంచి అది పాఠ్యాన్ని యూటీఎఫ్-8 రూపంలో దాస్తుంది. అందులో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు చాలు. మూడు కొటేషన్ గుర్తులతో రాసిన పాఠ్యాన్ని కూడా, ఓవర్‌లోడెడ్ స్ట్రింగ్స్ అనే విస్తరణతో నేరుగా టెక్స్ట్‌గా తీసుకోవచ్చు.

మీ ప్రయోగశాలలో జీహెచ్‌సీ ఉంటే ఈ అభ్యాసం చేయండి. ఫైలును యూటీఎఫ్-8గా భద్రపరచి, గ్రంథాలయ నోటీసును గ్యాప్‌తో ఒకసారి, అన్‌లైన్స్‌తో ఒకసారి రాసి, రెండు స్ట్రింగ్‌లూ సమానమా అని == గుర్తుతో అడగండి. సమానం కాదని వస్తే, రెండింటినీ ప్రింట్‌తో ముద్రించి, సంఖ్యల మధ్య ఎక్కడ ఒక ఖాళీ ఎక్కువైందో, ఎక్కడ ఒక "\ఎన్" తక్కువైందో వెతకండి. మీ దగ్గర 9.12 లేదా ఆ తర్వాతి సంచిక ఉంటే మూడు కొటేషన్ల పద్ధతిని కూడా చేర్చి, అది మిగతా రెండింటితో సమానం కావడానికి ఏ ఒక్క పంక్తి చేర్చవలసి వస్తుందో కనుక్కోండి.